జాగిలానికి యోగ్యతాపత్రం

పొద్దున్న ఆరున్నరకి ఆ ఇంట్లో మొదటి పళ్ళెం కుక్కకి. ఉడికించిన మాంసం, రెండు గుడ్లు, చెంచాడు చేపనూనె, పైన ఒక బలం మాత్ర. ఆ తర్వాతే మనుషుల కాఫీ. ఏడాదిన్నర కిందట విమానంలో దిగిన ఆ షెపర్డ్ మగకుక్కకి కాగితాల మీద రైలుబండంత పేరుంది. ఇంటావిడ మాత్రం దాన్ని "కొత్తల్లుడుగారు" అనేది. "కొత్తల్లుడుగారికి గుడ్డు సరిగ్గా ఉడకలేదట, అలిగి కూర్చున్నారు," అని వీధంతా నవ్వించేది. ఎనిమిది నెలల కిందట కూతురు రెండు పెట్టెలతో పుట్టింటికి వచ్చేసిన రోజు నుంచి ఆవిడ ఆ మాట మానేసింది. ఇప్పుడు ఉత్తినే "అది" అంటోంది.

ఇంటాయన్ని అందరూ జాగిలాలాయన అంటారు. ముప్ఫయ్యేళ్ళుగా కుక్కల పెంపకమే ఆయన బతుకు. ఇంటి వెనక వరసగా ఎనిమిది సిమెంటు గదులు, ఇనప తలుపులు, మధ్యలో చుట్టచుట్టిన నీళ్ళ పైపు, పగలూ రాత్రీ ఫినాయిల్ వాసన. కుక్కపిల్లలమ్మే ఇల్లు కట్టాడు, కుక్కపిల్లలమ్మే ఒక్కగానొక్క కూతుర్ని పశువుల డాక్టరు చదివించాడు. ఈ సంగతి ఎవరూ అడక్కపోయినా రోజుకోసారి గుర్తు చేస్తాడు.

ఆ వ్యాపారంలో ఒక ఆనవాయితీ ఉంది. జత కట్టించడానికి ఎవరైనా ఆడకుక్కని తెస్తే దాని వయసెంత, రక్తపరీక్ష చేయించారా, ఇదివరకు ఈనిందా అని వంద ప్రశ్నలేస్తారు. మగకుక్కని అడిగేవాడు లేడు. పోటీలో గెలిచిన కప్పు పక్కన నిలబెట్టి తీసిన ఫొటో గోడకి వేలాడుతుంటే అదే దాని సర్టిఫికెట్టు. పైగా ఇది విదేశీ సరుకు. అలాంటిదానికి పుట్టే పిల్లలు కూడా కప్పుతోనే పుడతాయని జనం నమ్మకం.

ఏడాదిన్నరలో ఆ ఫొటో ముందుకి తొమ్మిది ఆడకుక్కలు వచ్చి వెళ్ళాయి. ఒక్కటీ చూలు కట్టలేదు. "మీదానికి వయసు మళ్ళింది", "మీదానికి కొవ్వెక్కువైంది", "రోజు దాటిపోయాక తెచ్చారు" అని జాగిలాలాయన ఇంటికో వంక చెప్పి పంపాడు. సందు చివర బట్టలు కుట్టే ఆవిడ తన కుక్కని మూడుసార్లు తెచ్చింది. మూడోసారి ఆయనకి విసుగొచ్చి, "అది గొడ్డుదమ్మా, దానికి కూడు దండగ," అనేశాడు. ఆవిడ కళ్ళొత్తుకుంటూ వెళ్ళి దాన్ని ఎవరో గోదాము కాపలావాడికి ఇచ్చేసింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు సాగింది వ్యవహారం. మగదాన్ని కూడా ఓసారి చూద్దామని కూతురికి తప్ప ఎవరికీ తట్టలేదు.

ఆయన సణుగుతుండగానే ఆమె దాని వీర్యం పట్టి, తను పనిచేసే ఆసుపత్రిలో మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. రెండు నెలలాగి మళ్ళీ చూసింది. ఉత్త నీళ్ళు. కదిలేది, కదలనిది, అసలు ఒక్క కణమే లేదు. పైన పటారం, లోన లొటారం.

ఆ రోజు నుంచి జాగిలాలాయన విదేశంలో ఉన్న అమ్మకందారు మీద యుద్ధం మొదలెట్టాడు. కూతుర్ని పక్కన కూచోబెట్టుకుని పదకొండు మెయిళ్ళు రాయించాడు. పాత పరీక్షల కాగితాలు పంపు, మీ డాక్టరెవరో చెప్పు, మీ దగ్గర దానికి ఎన్ని పిల్లలు పుట్టాయో లెక్క చూపించు. అవతలివాడు తొణక్కుండా జవాబిచ్చాడు. కళ్ళకీ, తుంటి ఎముకలకీ, గుండెకీ హామీ ఇచ్చామనీ, సంతానం మాట ఒప్పందంలో లేదనీ, ప్రయాణం బడలిక కావచ్చు, ఓపిక పట్టమనీ రాశాడు. పదకొండోదానికి జవాబు రాలేదు.

ఆ ఉదయం కూతురు కాఫీ గ్లాసుతో వరండాలోకి వచ్చేసరికి, ఆసుపత్రి పేరు అచ్చేసిన తెల్లకాగితం బల్ల మీద ఉంది. ఆమె సంచిలోంచి తీసిందే. పక్కన పెన్ను, ఆమె రబ్బరు ముద్ర కూడా తండ్రి సిద్ధంగా పెట్టుకున్నాడు.

"ఏంటిది నాన్నా?"

"ఏం లేదు తల్లీ. పదకొండింటికి పక్క టౌను నుంచి టైర్ల కొట్టాయన వస్తున్నాడు. మనదాన్ని కొంటానన్నాడు. డాక్టరమ్మ సంతకముంటే ఇంకేం అడగనన్నాడు. రెండు ముక్కలు రాసిపెట్టు. ఆరోగ్యంగా ఉంది, సంతానానికి యోగ్యమైనది, అంతే."

"మొదటి ముక్క రాస్తాను. రెండోది రాయను."

"రెండోదానికే కదే వాడు డబ్బిచ్చేది!"

"అతనికి చెప్పావా మరి?"

"చెప్తే కొంటాడా? భలేదానివే."

"కొట్టు అమ్మేసి కుక్కల పెంపకంలోకి దిగుతున్నాడని నిన్న నువ్వే అన్నావు. పెళ్ళాం పిల్లలున్నవాడు నాన్నా."

"నాకు లేరా పెళ్ళాం పిల్లలు? వెనక స్థలం అమ్మి తెచ్చాను దాన్ని. నన్ను మోసం చేసినప్పుడు ఎవడొచ్చి జాలిపడ్డాడు?"

వంటింట్లోంచి తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పొద్దున్నే మొదలెట్టారా తండ్రీ కూతుళ్ళు? పదిళ్ళవతలకి వినపడుతోంది."

"చూడవే నీ కూతురి నీతులు! కుక్కల కూడు తిని డాక్టరైంది, ఇవాళ ఆ కుక్కకి ఓ సంతకం పెట్టమంటే చెయ్యి రావట్లేదు."

కూతురు గ్లాసు బల్ల మీద పెట్టింది. కోపం వస్తే ఆమె గొంతు పెరగదు, తగ్గుతుంది. "నాలుగేళ్ళ చాంపియను. ఒంట్లో వంక లేదు. దాన్ని వాడెందుకు అమ్ముకుంటున్నాడని ఒక్కసారైనా అనుకున్నావా? పాలిచ్చే గేదెని ఎవరైనా సంతకి తోలతారా?"

"మన అదృష్టం అనుకున్నాను."

"నా పెళ్ళప్పుడూ అదే అన్నావు. పెద్ద ఇల్లు, ఒక్కడే కొడుకు, ఏమీ అడక్కుండా వెతుక్కుంటూ వచ్చారు, మన అదృష్టం అని."

"ఇప్పుడవన్నీ ఎందుకే తల్లీ," అంది తల్లి భయంగా.

"ఎందుకంటే అమ్మా, ఆరేళ్ళు పరీక్షలన్నీ నాకే చేశారు. ప్రతి డాక్టరూ నాలో ఏమీ కనపడలేదనేవాడు. ఆయన్ని కూడా రమ్మంటే, మగాడికి పరీక్షలేంటని మా అత్తగారు ఇంతెత్తున లేచేది. పక్కింటి పసిపిల్లని ఎత్తుకుంటే ఆవిడే నా చేతుల్లోంచి లాక్కుంది. ఆ రోజే కదా వచ్చేశాను." ఆమె తండ్రివైపు తిరిగింది. "కుక్క కోసం, ముక్కూమొహం తెలీనివాడికి పదకొండు మెయిళ్ళు రాయించావు. నా చేతే రాయించావు. కాగితాలు చూపించమని వాణ్ణి నిలదీశావు. నా కోసం ఆ ఇంటికెళ్ళి, మీవాడికి పరీక్ష చేయించారా అని ఒక్క మాట అడిగావా? నీకు నేను కుక్కపాటి చెయ్యలేదా నాన్నా?"

జాగిలాలాయన మొహం జేవురించింది. చేతకాని తండ్రి అన్న మాట తప్ప ఆయన ఏ మాటైనా పడతాడు. "అడగలేదని నీకెవరు చెప్పారే? అడిగాను! పెళ్ళైన రెండో ఏడే వెళ్ళి అడిగాను!"

నోరు జారాక గానీ ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. బల్ల మీది పెన్ను తీసి మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"అడిగితే ఏమన్నారండీ?" అంది భార్య.

ఆయన ఆవిడకే జవాబు చెప్పాడు, కూతురి వైపు చూడలేదు. "మన వియ్యంకుడు నన్ను గదిలోకి తీసికెళ్ళి తలుపేశాడు. బీరువాలోంచి ఓ కాగితం తీశాడు. పెళ్ళికి ముందే చేయించారట పరీక్ష. ఆ అబ్బాయికి పిల్లలు పుట్టరని ఉంది."

వెనక గదుల్లో ఏదో కుక్క ఇనప తలుపుని గోళ్ళతో గీరుతోంది. తల్లి కుర్చీ కోసం వెతికి, దొరక్క గడప మీదే కూలబడింది. కూతురు రోగి వివరాలు అడిగినట్టు అడిగింది. "ఎన్నిసార్లు చేశారు? రెండోసారి కూడా చూశారా?"

"రెండు కాగితాలున్నాయి."

"ఆ తర్వాత నాలుగేళ్ళున్నాను నాన్నా అక్కడ. నాలుగేళ్ళు మందులు మింగాను. రెండుసార్లు కడుపు కోయించుకున్నాను. రెండోసారి నువ్వు చూడ్డానికొచ్చావు. బత్తాయిలు తెచ్చావు. మంచం పక్కన కూచుని ఒలిచి పెట్టావు."

ఆయన తల దించుకున్నాడు.

"చెప్తే మర్నాడే వచ్చేసేదానివి. కాపురం కూలిపోతుందనుకున్నాను. పెద్దమనిషి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు, పరువు కాపాడమన్నాడు. ఎవర్నైనా పెంచుకుంటామన్నాడు. మాటిచ్చేశాను."

"మీరిద్దరూ చేతులు పట్టుకున్నారు. కోయించుకున్నది నేను."

గడప దగ్గర తల్లి ఏడుపు మొదలెట్టింది. "నాకైనా చెప్పలేదేమండీ? దాన్ని వెంటేసుకుని ఎందరు డాక్టర్ల దగ్గరికి తిరిగాను! నీ ఒంట్లోనే ఏదో ఉంటుందే అని నా నోటితో అన్నానండీ. కన్నతల్లిని, నేనే అన్నాను." ఆవిడ ముప్ఫయ్యేళ్ళలో మొగుడి మీద గొంతెత్తింది అదే మొదలు. ఇంకా చాలా అంది. ఆయన అన్నీ పడ్డాడు.

కూతురు కుర్చీ లాక్కుని కూర్చుంది. కాగితం ముందుకి జరుపుకుని నాలుగు పంక్తులు రాసి, సంతకం చేసి, ముద్ర వేసి తండ్రి చేతికిచ్చింది. "ఈ మగకుక్క ఆరోగ్యంగా ఉంది. రెండుసార్లు పరీక్షించాను. దీనికి సంతానం కలగదు" అని ఉంది అందులో.

"ఇది నా సర్టిఫికెట్టు. అతనికిస్తావో, నువ్వూ బీరువాలో దాస్తావో నీ ఇష్టం. పెద్దవాళ్ళకి అలవాటే కదా."

టైర్ల కొట్టాయన పదకొండుకి ముందే వచ్చాడు, కొత్త గొలుసు కూడా కొని తెచ్చుకున్నాడు. ఛాతీ చూసి మురిశాడు, పళ్ళు చూసి మురిశాడు, గోడ మీది ఫొటోని సెల్‌ఫోనులో ఫొటో తీసుకున్నాడు. జాగిలాలాయన ఇచ్చిన కాగితంలో అడుగున ఉన్న సంతకం ఒక్కటే చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చదువు బాబూ," అన్నాడు జాగిలాలాయన.

"ఎందుకండీ, డాక్టరమ్మ సంతకముంది, మీరున్నారు."

ఆయన ఊరుకుంటే సరిపోయేది. కాగితం ఇచ్చాడు, వాడే చదవలేదు, రేపు ఎవరేమన్నా అనడానికి లేదు. కూతురు గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది.

"చదవమంటే చదవ్వేం?" అని అరిచి, ఆయనే అతని జేబులోంచి కాగితం లాగి, కళ్ళజోడు లేకుండానే చదివాడు. చివరి ముక్క దగ్గర ఆగాడు. అయినా పూర్తి చేశాడు. "నాకు ముందే తెలుసు. తెలిసే అంటగట్టబోయాను. ఇక్కడికొచ్చిన తొమ్మిదింట్లో ఏ ఆడకుక్కకీ లోపం లేదు."

టైర్ల కొట్టాయన నమ్మలేనట్టు చూశాడు. "నా కొట్టుకి బేరం కుదిరిపోయిందండీ. అడ్వాన్సు కూడా తీసుకున్నాను. మీ మాట మీదే కదండీ!" కాస్త తేరుకున్నాక మర్యాద పోయింది. ఇన్నాళ్ళూ జనాన్ని ఎలా బుట్టలో వేశాడో సాయంత్రానికల్లా అందరికీ చెప్తానన్నాడు. చెప్పే మనిషే. గొలుసు విసురుగా బండి మీద పడేసుకుని వెళ్ళిపోయాడు. ముప్ఫయ్యేళ్ళ పేరు ఆ బండి వెనకే పోయింది.

జాగిలాలాయన వరండా మెట్టు మీద కూర్చున్నాడు. "కుట్టుపనావిడ దగ్గరికి వెళ్తాను. ఆ కుక్కని వెనక్కి తెచ్చుకోమని చెప్తాను. మిగతావాళ్ళ ఇళ్ళకీ వెళ్తాను," అన్నాడు. కూతురు గుమ్మం దిగలేదు. "మీ అత్తవారి వీధికీ వెళ్తాను. నిన్ను ఎవరెవరు ఏమన్నారో చెప్పు. ప్రతి గడపా ఎక్కి చెప్తాను."

"ముందు నాకు చెప్పు."

"నీకు తెలిసింది కదమ్మా."

"అమ్మకి చెప్తుంటే విన్నాను. నాకు చెప్పలేదు నువ్వు. నా మొహం చూసి చెప్పు."

ఆయన లేచాడు. అయిదేళ్ళుగా కూతురి కళ్ళలోకి సూటిగా చూడలేదని అప్పుడు తెలిసింది ఆయనకి.

"లోపం నీది కాదు తల్లీ."

ఎన్ని ఆసుపత్రులు తిరిగినా, ఎన్ని రిపోర్టులు చేతికొచ్చినా ఆమెకి ఆ మాట ఎవరూ అనలేదు. డాక్టరు అయ్యుండి, అన్నీ తెలిసి, రాత్రిళ్ళు తన పొట్ట మీద తనే చెయ్యి వేసుకుని తిట్టుకున్న మనిషి. నిలబడ్డచోటే వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన దగ్గరికి రాబోతే ఆపింది. కొంగుతో మొహం తుడవబోయిన తల్లినీ ఆపింది.

"ఇంకోసారి చెప్పు నాన్నా," అంది.