తాండూరు నాకాల గుర్రపు రాయి

తాండూరు టేషన్ ఎనుక పాత కరోడ్‌గిరి నాకా ఉండె. నిజాం జమానల సరుకుల మీద సుంకం వసూలు చేసిన కొట్టమది. పోలీస్ యాక్షన్ అయిన కొన్నేండ్లకు బందువడ్డది. లోపల ఎవడో ఉరివెట్టుకున్నడని... పొద్దుగూకినంక దానెంబడి కుక్క గూడ నడవకపోయేది.

గసొంటి కొట్టంల మా మేనమామ మత్తయ్యకు కావలి నౌకరి దొరికింది. ఆయన చెప్పిందే మీకు చెప్తున్న. అబద్ధమనిపిస్తే ఆయన్నే అడుగుండ్రి, నన్ను తిట్టకుండ్రి.

పట్నంల అజాయబ్‌ఘర్, అదే మ్యూజియం, పెద్దగైతున్న రోజులవి. ముందుగాల అండ్ల నవాబుల పింగాణి గిన్నెలు, గడియారాలే ఉండె. అవి సాలవని అజాయబ్‌ఘర్ సార్లు ఊర్లపొంటి తిరిగి పాత రాళ్లు, కొయ్య బొమ్మలు, చెక్కుడు తలుపులు జమజేసుడు షురూ చేసిండ్రు. రైలెక్కిచ్చేదాంక అన్నీ గా నాకాలనే.

మొదటి రాత్రి ఏం లేదు. రెండో రాత్రి తలుపు బయట పండుకుంటే... గోడవతల గుసగుస.

"తిను కొడుకా... జర తిను..."

తలుపుకు తాళం, తాళంచెవి మామ మొలతాడుకే! తెల్లారి తీసి సూస్తే — గుర్రం మీద కత్తివట్టిన మొగోన్ని చెక్కిన రాయి ముంగట జొన్నరొట్టె తునకలు. యేసయ్యా అనుకుంట కూలవడ్డడు. ఉరికిపోతే నౌకరి పోతది. రెండేండ్లు పనిలేక పస్తులున్నోడు మరి.

మూడో రాత్రి గుసగుస ఇనవడంగనే ఎనుక దిక్కు పోయి కందిలి ఎత్తిండు. కిటికీకాడ తెల్లచీర... సువ్వల సందుల్నుంచి లోపలికి చాపిన ఎండిన చెయ్యి!

"ఎ... ఎవలది?"

"చంద్రవ్వను బాంచెన్... కొట్టకు."

దెయ్యం కాదు, పక్కూరి ముసల్ది. రజాకార్ల లొల్లిల ఆమె ఒక్కగానొక్క కొడుకు మొగులప్ప మాయమైండు. పీనుగ గూడ దొరకలే. పొలంల గా రాయికాడ ఆని రుమాలు దొరికింది. గప్పట్నుంచి రాయే కొడుకు, దినాం దాని ముంగట బువ్వ వెట్టేది. ఊరోళ్లేమో ఊరికె పడున్న రాయే గదా అని సార్లకు ఇచ్చేసిండ్రు.

"రాయిని నేనియ్యలేనవ్వా, నా నౌకరి పోతది," అన్నడు మామ.

"కొంచవోండ్రి. కని గాన్ని ఉపాసముంచకుండ్రి," అని ముసల్ది బోరున ఏడ్సింది. మర్నాడు రెండు రొట్టెలు మూటగట్టి తెచ్చి చేతులవెట్టింది. "తొవ్వల గాని ముంగట వెట్టు నాయనా. మాటియ్యి."

మామ మాటిచ్చిండు.

గా మాపే రాళ్లు, బొమ్మలు పెట్టెలల్ల సర్ది, వాటితోని మామను గూడ గూడ్స్ డబ్బల ఎక్కిచ్చిండ్రు. వికారాబాద్‌ల బండి ఆగింది, ఎంతకూ కదలలే. చీకటి... సలి... పొద్దటిసంది మామ కడుపుల ఏం లేదు. రాయి తింటదా, పాడా అనుకున్నడు. రెండు రొట్టెలూ తినేసి గుడ్డ దులిపిండు.

బండి కదిలింది. గడ్డి గూరిన గుర్రపు రాయి పెట్టెల ఏందో మెసిలింది. ఎలుకనుకున్నడు మామ.

"కాకా..."

పడుసు గొంతు... పెట్టెల్నుంచే, మెల్లగ —

"కాకా, మా అవ్వ నాకేం పంపలేదా?"