నల్ల కప్ప ఆగని మెట్టు

“వేళ్ళు వదులుగా పెట్టండమ్మా. మీరేమీ గుర్తు తెచ్చుకోవద్దు,” అన్నాడు డాక్టర్ ఇంతియాజ్.

హైమవతికి నవ్వొచ్చింది. ఆర్టీసీ డిపోలో గుమాస్తాగా రిటైరై, మోకాళ్ళ నొప్పులతో విశాఖపట్నం దాకా వచ్చిందే ఒక్క సంగతి గుర్తు తెచ్చుకోవడానికి. అది కాస్తా వద్దంటాడేమిటి ఈయన?

ఆమె చేతులకి సన్నటి తొడుగులున్నాయి. వాటి నిండా సెన్సర్లు. చిన్నప్పుడు నేర్చిన సైకిలు ముసలితనంలోనూ మర్చిపోనట్టే, ఒకప్పుడు తెగ ఆడిన వీడియో గేమ్ కూడా నరాల్లో ఉండిపోతుంది. తెరమీద వేల బొమ్మలు గబగబా మారుతుంటే, ఏ బొమ్మకి ఏ వేలు అదురుతుందో హస్తస్మృతి అనే ఈ ల్యాబు యంత్రం పట్టుకుంటుంది. ఆ అదురుల్లోంచి ఆటని మళ్ళీ కడుతుంది. క్యాసెట్లు చెడిపోయి, కాపీ అన్నదే మిగలని పాత ఆటలకి ఇక ఇదొక్కటే దారి. కట్టిన ఆటని ఓపెన్ సోర్స్‌లో పెట్టేస్తారు. ఎవరైనా ఆడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు.

హైమవతి తెచ్చిన ఆట రెండు కప్పలది. మెట్లమీద గెంతుతూ, అడ్డొచ్చే పాముని తప్పించుకుంటూ, పైనున్న జెండా ముందుగా ముట్టుకోవాలి. నల్ల కప్ప హైమవతిది, ఎర్ర కప్ప చెల్లెలు శశికళది. శశికళ తొమ్మిదో ఏట మెదడువాపు జ్వరంతో పోయింది. నలభై అయిదేళ్ళుగా హైమవతి ఎవరు అడిగినా ఒకటే చెప్పేది: ఆఖరి మెట్టు దగ్గర తను ఆగిపోయేదనీ, చెల్లెల్ని గెలవనిచ్చేదనీ. చెల్లెలికి తను ఇచ్చింది అదొక్కటే. ఎర్ర కప్ప జెండా ముట్టుకోవడం ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలనుకుంది.

మూడు వారాలకి ఆట లేచొచ్చింది. అవే మెట్లు, అదే పాము. సంగీతం మాత్రం లేదు, వేళ్ళకి పాట తెలీదు కదా. ఆమె అప్పట్లో ఎలా ఆడిందో యంత్రం అలాగే ఆడి చూపించింది. ఆఖరి మెట్టు దగ్గర నల్ల కప్ప ఆగలేదు. జెండా ముట్టేసింది. ఎర్ర కప్ప రెండు మెట్ల కింద ఉండిపోయింది.

యంత్రం తప్పు చేసిందని హైమవతి పట్టుబట్టింది. ఆటని పెట్టిన ప్రాజెక్టు పేజీలో ఫిర్యాదు కూడా రాయించింది. ఇంతియాజ్ రెండు రోజులు లెక్కలన్నీ తిరగేసి, ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఆ మెట్టు దగ్గర మీ వేలు ఆగిన జాడ ఎక్కడా లేదమ్మా. అక్కడ ఇంకాస్త జోరుగా నొక్కారు.”

ఆమె ఒట్టు పెట్టుకోబోయి ఆగిపోయింది.

“ఏడ్చేది డాక్టరు గారూ. ఒక్కసారి నన్ను గెలవనియ్యక్కా అని రోజూ ఏడ్చేది. రేపు ఇస్తాలే అనేదాన్ని.”

మర్నాడు పొద్దున ప్రాజెక్టు పేజీలో ఒక మార్పు వచ్చి ఉంది. కొలంబోలో ఎవరో, మొహం కూడా తెలియని మనిషి, ఆమె ఫిర్యాదు చదివి జాలిపడి నాలుగు లైన్ల కోడ్ రాసి పంపాడు. ఇక నల్ల కప్ప ఆఖరి మెట్టు దగ్గర దానంతటదే ఆగుతుంది. ఆడేవాళ్ళు బటన్ నొక్కినా కదలదు.

ఇంతియాజ్ ఆ మార్పు ఎక్కించి, ఆమె చేతికి రిమోట్ ఇచ్చాడు. ఎర్ర కప్పని యంత్రమే ఆడిస్తుంది. ల్యాబులో వాళ్ళంతా చుట్టూ చేరారు. ఈసారి ఆగుదామనే హైమవతి కూడా గట్టిగా అనుకుంది. మెట్టు మెట్టూ ఎక్కి నల్ల కప్ప ఆఖరి మెట్టు మీద నిలబడిపోయింది. ఎర్ర కప్ప ఆయాసపడుతున్నట్టు గెంతుతూ వచ్చి, దాన్ని దాటి జెండా ముట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

హైమవతి తల దించి చేతికేసి చూసుకుంది. బొటనవేలు ఇంకా బటన్‌ని నొక్కుతూనే ఉంది.