వాకిట్లో సీను

పొద్దున్నే కృష్ణవేణమ్మ పెద్ద గంగాళంలో బొరుగులు నానేసి ఉగ్గాని కలుపుతోంది. కోడుమూరులోని ఆ ఇంట్లో వారంగా సినిమా షూటింగు. తీస్తున్నది కూతురు నాగజ్యోతే. ఎండిన బోర్ల మీదా, వలసపోయే కూలీల మీదా ఎనిమిదేళ్లు డాక్యుమెంటరీలు తీసి, మెచ్చుకోళ్లు తప్ప ఏమీ వెనకేసుకోని పిల్లకు ఇన్నాళ్లకు ఒక నిర్మాత దొరికాడు. మొదటి సినిమా. కథ తన సొంతింటిదే.

"తినుమే. మొగమంతా పీక్కపాయె," అంది తల్లి.

"ఈ పొద్దు సీను చూడకుండా నాయనను యాడికన్నా పంపియ్యమ్మా."

"మీ నాయన నా మాట ఎప్పుడు విన్యాడు?"

ఉద్యోగం మానేసి డాక్యుమెంటరీలు తీస్తానని నాగజ్యోతి ఇంట్లో చెప్పిన రోజుది ఆ సీను. తండ్రి నారాయణ షూటింగుకు ఇల్లివ్వడానికే నెల రోజులు బిగుసుకున్నాడు. "నచ్చని ముక్క ఒక్కటి కనపడినా సామాన్లన్నీ వీధిలో పెట్టిస్తా" అని మరీ ఒప్పుకున్నాడు. అన్నంత పనీ చేసే మనిషి. షూటింగు ఆగిందంటే ఈ నిర్మాత ఉండడు, ఇంకో నిర్మాత రాడు.

కెమెరా తిరిగింది. తండ్రి వేషం కట్టిన ఈరేష్, కూతురి వేషంలో ఉన్న అమ్మాయి ఎదుట తల వంచుకుని, "నీ ఇష్టమమ్మా" అంటూ లోపలికి వెళ్లాడు.

"ఆపండప్పా!" మానిటర్ వెనక నుంచి నారాయణ లేచాడు.

అయిపోయింది, అనుకుంది నాగజ్యోతి.

"నేనట్ల పోయినానా? వీధంతా చూస్తాంటే నిన్ను చెంప మీద కొడితి. గడప తొక్కొద్దంటి. అదేల పెట్టలేదు?"

"నీ పరువు పోతాదని, నాయనా..."

"నీ డాక్యుమెంటరీలన్నీ ఫోన్లో చూసినా. ఊరూరా మైకు పెట్టి నిజం చెప్పమని అడిగితివి. నా కాడికొచ్చేసరికి అబద్ధమా? ఇన్నేండ్లలో నన్నొక్క మాట అడిగినావా?" ఆయన అరుగు మీద కూలబడ్డాడు.

నిజమే. ముక్కూ మొహం తెలియని వాళ్ల మనసులోంచి మాట రాబట్టిన మనిషి, కన్నతండ్రిని అడగలేదు. జవాబుకు భయపడింది. వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"ఎందుకు కొడితివి నాయనా?"

"భయమాయమ్మా. నేను పోతే నీకు కూడెవరు పెడతారని. నువ్వేమో కోపమనుకుంటివి."

నాగజ్యోతి ఆయన ఒళ్లో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. కృష్ణవేణమ్మ గడపలో నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కెమెరా ఆపమని చెప్పేవాళ్లే లేరు.

చాలాసేపటికి నారాయణ కూతురి తల నిమురుతూ ఈరేష్ వైపు చూశాడు.

"మళ్లా తీయండి. కొట్టప్పా నువ్వు. ఆ బిడ్డకు మాత్రం తగలనియ్యొద్దు."