రత్నవేణి సొంత మాట

భానోజీరావు ఉప్మా ప్లేటు తెచ్చి భార్య ముందు పెట్టాడు. రత్నవేణి పెదవులు కదిలాయి. గొంతులోంచి సన్నటి శబ్దమేదో బయల్దేరింది. అది మాటగా మారేలోపలే ఆమె మెడలోని పూరణి, అచ్చం ఆమె గొంతుతోనే, "ఉప్మా చాలా బాగుందండీ. నా కోసం ఎంత శ్రమపడుతున్నారో" అంది.

ఆమె ఇంకా స్పూను ముట్టుకోలేదు.

భానోజీరావు ఎదురుగా కూర్చుని తానొక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు లేదు. అడుగంటిన వాసన కూడా వస్తోంది. ఇలాంటి ఉప్మాకి రత్నవేణి ఏమనాలో, ఎంత గట్టిగా అనాలో, ఇన్నేళ్ల కాపురంలో అతనికి కంఠతా వచ్చు. అందులో "అండీ" అన్నది మాత్రం ఎన్నడూ లేదు.

పూరణి అంటే గురిగింజంత పూస. విజయనగరంలో ఆ కాలానికి అది లేని మెడ లేదు. గొంతు కండరాల కదలికను బట్టి, ఎదుటి మనిషిని బట్టి, వేళను బట్టి, మనం ఏమనబోతున్నామో పసిగట్టి మిగతా వాక్యాన్ని మన గొంతుతోనే పూర్తిచేసేస్తుంది. టిఫిను బండి దగ్గర "రెండు" అంటే చాలు, ఇడ్లీలో దోసెలో, చట్నీ ఎంతో, అన్నీ అదే చెబుతుంది. మాటల కోసం తడుముకోవడం జనం మరిచిపోయారు. తడుముకునేవాళ్ల కోసం ఆగడం కూడా మరిచిపోయారు. అందరికీ బోలెడు సమయం కలిసొచ్చిందని లెక్కలు చెప్పేవారు.

రత్నవేణి మాత్రం దాన్ని మెడలో వేసుకోనని భీష్మించుకుంది. ప్రెస్సులో డీటీపీ చేసిన మనిషి ఆవిడ. ఊళ్లో సగం పెళ్లిళ్ల శుభలేఖలు ఆవిడ చేతిమీదుగా వెళ్లినవే. తన మాటని ఇంకెవరో పూర్తిచేయడమేమిటని పూరణిని, తనంతట తానే ఆరిపోయే పొయ్యి ఎందుకని ఆ కొత్తరకం స్టవ్‌నీ ఇంటి గడప తొక్కనివ్వలేదు. కిందటి వానాకాలం పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, నాలుక పట్టేశాయి. బుద్ధికేమీ లోటు లేదనీ, మాటలన్నీ లోపల భద్రంగానే ఉన్నాయనీ, బయటికి రావడానికే చాలాసేపు పడుతుందనీ డాక్టరు చెప్పి, ఆసుపత్రిలోనే పూరణి తగిలించి పంపాడు.

చిక్కు అక్కడే వచ్చింది. పూరణికి మనిషి మాటతీరు తెలియాలంటే ఏళ్ల తరబడి ఆ మెడలో ఉండాలి. రత్నవేణి మాటలేవీ దాని దగ్గర లేవు. పాత వీడియోల్లోంచి గొంతు దొరికింది గానీ మాటల్ని అది ఆ వయసు ఆడవాళ్లందరి మాటల్లోంచి సగటు తీసి తెచ్చుకుంది. అందుకే రత్నవేణి ఒక్కసారిగా ఎంతో మంచిదైపోయింది. పనిమనిషిని మెచ్చుకుంది. ఆడపడుచును ఇంకో నాలుగు రోజులు ఉండమంది. రెండు వీధుల అవతల కాపురముంటున్న కూతురు లాస్యతో, "నిన్ను చూస్తే నాకెంతో గర్వంగా ఉంది తల్లీ" అంది. ఆ మాట కోసం చిన్నప్పట్నుంచీ ఎదురుచూసిన లాస్య గుమ్మం దగ్గరే నిలబడి ఏడ్చింది.

అందరూ సంతోషంగా ఉన్నారు. రత్నవేణి కళ్లు చూసింది భానోజీరావు ఒక్కడే. పూరణి పలికిన ప్రతిసారీ ఆమె, తన చీర కట్టుకుని ఇంట్లో ఇంకెవరో తిరుగుతుంటే చూస్తున్నట్టుగా చూసేది.

అతను ఆమె మెడలోంచి పూస తీసేశాడు. ఆమె నోరు విప్పగానే ఎదుటివాళ్ల పూరణులు ఆ ఖాళీని నింపేశాయి. ఎడమచేత్తో సుద్దముక్క పట్టుకుని రాయబోతే గీతలు తప్ప అక్షరం తేలలేదు. మీటలున్న రాతపలక తెచ్చిపెట్టాడు. దానిలోనూ పూరణే ఉంది. ఒక్క అక్షరం నొక్కితే చాలు, తీయటి వాక్యం ఒకటి వచ్చి కూర్చునేది. దాన్ని తీసేయడం కుదరదని, అన్ని యంత్రాల్లోనూ అది పునాదిలోనే ఉంటుందని సేవాకేంద్రంవాళ్లు ఎంతో వినయంగా చెప్పారు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, బీరువా మీద రత్నవేణి పాత లాప్‌టాప్ ఉందని. పుస్తకమంత చిన్నది. ప్రెస్సు జీతంతో కొనుక్కుంది. తెరిస్తే, అనుమతి కోసం ఫలానా కంపెనీని సంప్రదించండి అని తెరమీద పడింది. ఆ కంపెనీ మూతపడి ఏళ్లయింది.

మూడులాంతర్ల దగ్గర గ్రంథాలయం మేడమీద ఆదివారాలు లైనక్స్ సంత జరుగుతుంది. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా పాత కంప్యూటర్లను నడిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ లైనక్స్; భానోజీరావు లాప్‌టాప్ పట్టుకుని అక్కడికి వెళ్లాడు. పేరుకే సంత, అక్కడ అమ్మేది ఏమీ లేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచినట్టు పూరణిని కూడా విడిచి బుట్టలో వేసి లోపలికి వెళ్లాలి. లోపల జనం తడబడుతూ, మధ్యలో ఆగిపోతూ మాట్లాడుకుంటున్నారు. షమీమ్ అనే ముప్ఫై ఏళ్ల అమ్మాయి లాప్‌టాప్‌ను దులిపి చూసి, ముందుగా అందులోని రత్నవేణి శుభలేఖలన్నిటినీ వేరే చోట దాచిపెట్టింది. ఆ తర్వాత లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి అతని చేతికిచ్చి, తన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది.

"నువ్వే చేసీయమ్మా, నాకేటి తెలుసు" అన్నాడు భానోజీరావు.

"మీ చేత్తోనే నొక్కాలి బాబాయ్. ఇక్కడదే పద్ధతి. మేం నొక్కీసేమంటే అది మా మిషనైపోద్ది" అంది షమీమ్.

భానోజీరావు బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. జీవితమంతా ఈల ఊది బస్సుల్ని బయటికి తరిమాడు. ఆగడం అతని ఒంటికి పడదు. తెరమీద భాషల జాబితా వచ్చింది. అందులో తెలుగు కనబడగానే కళ్లజోడు సర్దుకోకుండానే నొక్కాడు. పాతదంతా చెరిపేయమంటారా అని అడిగితే శుభలేఖలు వేరే చోట భద్రంగా ఉన్నాయి కదా అనుకున్నాడు. సరే అన్నాడు. తెరమీద ఓ గీత మెల్లగా కదలడం మొదలైంది. సగం దాటగానే ఇక అయిపోయిందిలే అనుకుని పెన్‌డ్రైవ్ లాగేశాడు.

తెర నల్లబడింది. షమీమ్ విసుక్కోలేదు. చేతులు వెనక్కే ఉన్నాయి. మళ్లీ మొదట్నుంచి పెడదాం బాబాయ్ అంది, అంతే. అతను మళ్లీ పెట్టాడు. అతని వేలు మీటల మీద వెతుకుతున్నంతసేపూ ఆ అమ్మాయి, సరైన మీట తన కళ్లెదురుగానే ఉన్నా, చూపించకుండా నిలబడింది. తన కోసం ఒకరు అంతసేపు ఆగి ఎన్నాళ్లయిందో భానోజీరావుకి గుర్తులేదు.

ఈసారి గీత చివరిదాకా వెళ్లింది. లాప్‌టాప్ ఆరి, మళ్లీ వెలిగింది. కీబోర్డుల జాబితాలో, బజారులోని ఏ యంత్రంలోనూ ఇప్పుడు లేని ఇన్‌స్క్రిప్ట్ అనే పాత తెలుగు మీటల అమరిక ఉంది. రత్నవేణి ప్రెస్సులో వాడింది అదే. దీన్ని ఇన్నేళ్లుగా ఎవరు కాపాడారని అడిగాడు.

"వాళ్లెవరో నాకూ తెలీదు బాబాయ్. వేలమంది. మనలాటి ఊళ్లలో కూర్చుని తీరిక దొరికినప్పుడల్లా చేసినవాళ్లే. చాలామంది పోయుంటారు కూడాను."

కాగితంలాంటి తెల్లటి తెరమీద, రాయాల్సిన చోట, సన్నటి నల్లగీత ఒకటి వెలుగుతూ ఆరుతోంది. ఏమీ అడగడం లేదు. ఏమీ ఊహించడం లేదు. ముఖం తెలియని ఆ వేలమందికి భానోజీరావు ఆ గీతవైపు చూస్తూనే దండం పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చి, టీకి పాలు స్టవ్ మీద పెట్టి, లాప్‌టాప్‌ను రత్నవేణి ఒడిలో ఉంచాడు. తన మెడలోని పూస తీసి గూట్లో పడేశాడు. ఆమె చాలాసేపు మీటల్ని నిమిరింది. తర్వాత ఎడమ చూపుడువేలు ఒక అక్షరం మీద ఆగింది. తెరమీద 'ప' పడింది.

"పడుకుంటావేటి? పక్క వెయ్యనా? పండేదైనా కావాలా?" అన్నాడు భానోజీరావు.

రత్నవేణి తల ఎత్తింది. ఇంట్లో ఇంకెవరో తిరుగుతుంటే చూసినట్టు చూసే చూపు అదే. ఈసారి అది అతని మీద పడింది. మెడలో లేకపోతేనేం, తానే పూరణినయ్యానని అతనికి తెలిసొచ్చింది. సిగ్గేసింది. లేచి నిలబడి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నోరు మూసుకున్నాడు.

వేలు కదిలింది. దీర్ఘం పడింది. వంటింట్లోంచి వాసన మొదలైంది. 'పాలు' అని పడగానే అతనికి విషయం అర్థమైపోయింది. అయినా కదల్లేదు. ఆ వాక్యం ఆమెది, సగంలో వదిలి వెళ్లడానికి మనసొప్పలేదు. వాసన హాల్లోకి వచ్చింది. పొగ కూడా వచ్చింది. అతను చేతులు ఇంకా గట్టిగా బిగించుకున్నాడు. చివరి చుక్క పెట్టి రత్నవేణి తెరను అతనివైపు తిప్పింది.

'పాలు మాడిపోతన్నాయి. స్టవ్ కట్టీ. నా మొహం తర్వాత చూద్దువుగాని.'

భానోజీరావు వంటింట్లోకి పరిగెత్తి స్టవ్ ఆర్పి, నల్లబడిన గిన్నెను పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాడు. కిందటి వానాకాలం నుంచి ఆ ఇంట్లో లేని మనిషి తిరిగొచ్చింది. మనసులోనే దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు, షమీమ్‌కి చెప్పుకున్నాడు, ఆ వేలమందికీ మరోసారి చెప్పుకున్నాడు.

సాయంత్రం లాస్య వచ్చింది. మాడు వాసన చూసి, తెరమీద వాక్యం చదివి, తండ్రి చెప్పిందంతా విని కుర్చీలో కూలబడింది. ఆమె ముఖం చూశాక గానీ భానోజీరావుకి ఆ సంగతి తట్టలేదు. తన భార్యను తాను వెనక్కి తెచ్చుకునే హడావుడిలో, కూతురి చేతిలోంచి ఏం లాక్కుంటున్నాడో ఆలోచించనే లేదు.

"అయితే అమ్మా, నన్ను చూస్తే గర్వంగా ఉందని అన్నది..." అంటూ లాస్య ఆగింది. ఆమె మెడలోని పూస ఆ వాక్యాన్ని అందుకోబోయింది. లాస్య దాన్ని పిడికిట్లో నొక్కిపట్టి, తెంపి, బల్లమీద పెట్టింది. "అది నువ్వన్న మాట కాదన్నమాట" అంది, తన గొంతుతోనే.

రత్నవేణి వేలు మీటల మీదికి వెళ్లింది. భానోజీరావు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. తండ్రిని చూసి లాస్య కూడా కట్టుకుంది. వీధిలో దీపాలు వెలిగాయి. ఎవరూ లేచి ఇంట్లో దీపం వేయలేదు. తెర వెలుగులో అక్షరం తర్వాత అక్షరం పడుతూ వచ్చింది.

'అలాంటివి నేను పైకి చెప్పనే. ఆ మాత్రం నీకు తెలీదేటి?'