నాలుగో అంటు

"ఇగో చూడుండ్రి. మీ దగ్గర కొన్న ఎరువు ఏసినంక మా చెట్టు ఎట్లయిందో!"

పసుపు పచ్చగా మారిన ఆకులు నాలుగు వచ్చి బల్ల మీద పడ్డాయి. భానుచందర్ తలెత్తి చూశాడు. హన్మకొండలో నర్సరీ పెట్టి మూడేళ్లయింది గానీ, ఆకులతో దాడి చేసిన అమ్మాయి ఇంతవరకూ తగల్లేదు.

"గంధరాజం గదా మేడం? ఏ నీళ్లు పోస్తానరు?"

"బోరు నీళ్లు. మినరల్ వాటర్ పోయాల్నా?"

"బోరు నీళ్లల్ల సున్నం ఎక్కువ. గంధరాజానికి అది పడది. నా ఎరువును తిట్టేముందు మీ బోరును తిట్టుండ్రి."

"మీరు మొక్కలమ్ముతారా, మాటలమ్ముతారా?"

"మాటలు ఫ్రీ మేడం."

నవ్వు రాబోయింది ఆమెకు. రానిస్తే కదా! కోపంగానే పేరు చెప్పింది, స్నేహలత అని. కోపంగానే సుబేదారిలో ఇల్లెక్కడో చెప్పి, వచ్చి చూడమంది.

మరునాడే వెళ్లాడు. అద్దె ఇంటి పెరట్లో మనిషెత్తు పొద. ఏడాది పొడుగునా పచ్చగా ఉండాల్సింది, కామెర్లు వచ్చినట్టు పాలిపోయి ఉంది. వాన నీళ్లు పట్టి పోయమన్నాడు. పుల్ల మజ్జిగ పల్చగా కలిపి వారానికోసారి చెట్టు మొదట్లో పోయమన్నాడు. మొదట్లో నీళ్లు నిలవనివ్వద్దన్నాడు. మూడు వారాలకు చిగుళ్లు నిగనిగలాడుతూ వచ్చాయి, వాటి వెనకే తెల్లటి మొగ్గలు. సాయంత్రం గేటు తీస్తే చాలు, వాసన వీధిలోకే ఎదురొచ్చేది. ఈలోపు "మేడం" పోయి "స్నేహా" వచ్చింది. "మీరు" కూడా ఎటో పోయింది.

అప్పుడు చెప్పింది స్నేహలత అసలు సంగతి.

"నాన్నకు డోర్నకల్ ట్రాన్స్‌ఫర్ అయింది. రెండు నెలలల్ల పోతానం. తొమ్మిదో తరగతిల నా చేత్తోటి పెట్టిన చెట్టు ఇది. తవ్వి తీస్కపోవస్తదా?"

భానుచందర్ గుండె జారిపోయింది. చెట్టు గురించి కాదని వేరే చెప్పాలా?

"ఇంత పెద్దది తవ్వితే బతకది. అంటు కడ్త. మూడు కడ్తే ఒక్కటన్న వేర్లు పట్టకపోదు."

కొమ్మకు అంగుళం మేర బెరడు ఒలిచి, తడి నాచు పెట్టి, పాలిథిన్ కాగితం చుట్టి, దారంతో బిగించాడు. అలాంటివి మూడు. పక్కనే నిలబడి ప్రతి చుట్టూ చూసింది స్నేహలత. వానకు తడిసిన జడ అతని భుజానికి తగిలినప్పుడు ముడి రెండుసార్లు జారింది.

అంటు కట్టాక యాభై రోజులు దాన్ని ముట్టుకోకూడదు. నర్సరీకి వచ్చిన ప్రతివాళ్లకూ భానుచందరే చెప్పే మాట అది. కానీ ముట్టుకోకపోతే ఆ ఇంటికి పోయేదెట్లా? నాలుగు రోజులకోసారి "చెకింగ్" అని వెళ్లేవాడు. కాగితం విప్పేవాడు, నాచు కదిపి చూసేవాడు, మళ్లీ చుట్టేవాడు. స్నేహలత చాయ్ తెచ్చేది. మహా శాస్త్రీయంగా సాగింది ఆ చెకింగు!

ఓ ఆదివారం వెళ్లేసరికి పెరట్లో ఎవడో పొడుగాటి మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో స్టూలు. పొద మీద నాలుగో అంటు. ఎంత ముద్దుగా బిగించి ఉందంటే, భానుచందర్‌కు ఒళ్లు మండింది.

"ఈయన అనిల్. డోర్నకల్ రైల్వేల ఇంజినీరు. నాన్నకు తెలుసు, క్వార్టర్ సంగతి చెప్పనీకి వచ్చిండు," అంది స్నేహలత.

"అంటు... ఈయన కట్టిండా?"

"ఎట్లుంది?" అంది, కళ్లెగరేస్తూ.

"ఉన్నది, ఏదో."

లోపల్నుంచి ఆమె తల్లి నిర్మల గొంతు. "అనిల్, ఉప్మా తిని పో బిడ్డా! నీ అసొంటి పిల్లగాడు దొరకాలె గానీ!"

భానుచందర్‌కు ఆ రోజు చాయ్ కూడా రాలేదు. ఇంకేం కావాలి? డోర్నకల్, క్వార్టర్, ఉప్మా! ఆ పిల్ల అక్కడికి వెళ్తుంది, ఈ ఇంజినీరు కట్టిన అంటు కుండీలో పెరుగుతుంది, రోజూ పొద్దున దాన్ని చూసి ఇద్దరూ మురిసిపోతారు. ఊహించుకున్న కొద్దీ మంట ఎక్కువైంది.

బుధవారం మళ్లీ వెళ్లాడు. పెరట్లో ఎవరూ లేరు. అంట్లు కోసే చిన్న కత్తి చేతిలోనే ఉంది. నాలుగో అంటు కాగితాన్ని నిలువునా చీరేశాడు. మొక్కల మీదే బతికే మనిషి, మొక్క మీదే పగ తీర్చుకున్నాడు. ఛీ!

ఆ రోజు నుంచే వాన మొహం చాటేసింది. ఎండ దంచి కొట్టింది. చీరిన కాగితంలో నాచు ఎంత ఎండిపోయి ఉంటుందో అతనికి తెలుసు. పోనీ ఎండనీ అనుకున్నాడు. ఆదివారం స్నేహలత ఫోన్ చేసేదాకా.

"నాలుగో అంటు నేనే కట్టిన, తెలుసా? నువ్వు కడ్తుంటె చూసి నేర్చుకున్న. అనిల్ ఉత్తగ స్టూలు పట్టుకున్నడు. ఎట్లుందంటె ఒక్క మాట మెచ్చుకోకపోతివి."

పనుందని చెప్పి ఫోన్ పెట్టేశాడు భానుచందర్.

నెల రోజులు అటువైపు పోలేదు. చెప్పేస్తే మొహం చూడదు. చెప్పకపోతే తన మొహం తనే చూసుకోలేడు. చివరకు ఆమే కబురు పెట్టింది, యాభై రోజులు నిండాయి, వచ్చి అంట్లు కోయమని.

పెరట్లో స్నేహలత ఉంది. ఆమె తండ్రి రాజేశ్వర్ రావు వరండాలో పేపర్ చదువుతున్నాడు. భానుచందర్ తన మూడు అంట్లూ విప్పాడు. మూడింట్లోనూ ఒక్క వేరు లేదు.

"వేర్లు ఎట్లొస్తయి? నాలుగు దినాలకోసారి విప్పి చూస్తివి," అంది స్నేహలత.

"నాలుగోది విప్పకు స్నేహా. జర నా మాట విను. అది ఎండిపోయుంటది. నేనే చీరిన. కత్తితోటి."

ఆమె ఆ కొమ్మను అతని వైపు తిప్పింది. చీరిన చోట పొడుగునా టేపు అంటించి ఉంది. పారదర్శకమైన కాగితంలోంచి తెల్లటి వేర్లు కనబడుతున్నాయి.

"వంటింటి కిటికీల నుంచి చూసిన. నువ్వు గేటు దాటంగనే టేపు ఏసిన."

"మరి... నన్ను అడగలేదేంది?"

"ఎందుకడగాలె? నువ్వే చెప్తవేమోనని చూసిన. ఎంత ఏడుపొచ్చిందో ఎరుకనా? నా చెట్టు అది. పెండ్లి సంగతి ఎత్తితే అనిల్‌కు నేను వద్దని చెప్పి పది దినాలాయె. నువ్వేమో దొంగ లెక్క మొఖం సాటేస్తివి."

"తప్పయింది."

"అది సరే. ఎందుకు చీరినవో చెప్పలే."

"కుళ్లు."

"ఎవరి మీద?"

"అనిల్ మీద."

"అనిల్ నిన్నేమన్నడు?"

భానుచందర్ వరండా వైపు చూశాడు. పేపర్ అడ్డంగా ఉంది గానీ, పేజీ తిరగక చాలాసేపయింది. వింటే విననీ అనుకున్నాడు.

"నువ్వు నాకు కావాలె స్నేహా. నువ్వు ఇంకోని పక్కన నిలబడితే నాతోని కాదు. ఇగ డోర్నకల్ పోతవంటే అస్సలే కాదు."

స్నేహలత ముఖం ఎర్రబడింది. ఇన్నాళ్లూ మాటకు మాట అప్పజెప్పిన అమ్మాయి, ఇప్పుడు ఊడని టేపును మళ్లీ మళ్లీ ఒత్తసాగింది.

పేపర్ కిందికి దిగింది.

"మీది ఏ ఊరయ్యా?" అన్నాడు రాజేశ్వర్ రావు.

"మరిపెడ, సార్."

"డోర్నకల్ కాడ్నుంచి ఎంతసేపు?"

"గంట... గంటనే సార్."

"అయితే మేము అక్కడ దిగినంక మీ అమ్మను, బాపును ఒకసారి రమ్మను. ఈమె పొద్దుగాలనే మాకు అన్నీ చెప్పింది. మీ నిర్మల అత్త ఇంక అలుగుతనే ఉన్నది గానీ, ఆమెకు నేను చెప్త." మళ్లీ పేపర్ ఎత్తుకున్నాడు. "కత్తి మాత్రం ఇంటికాడ పెట్టి రా."

భానుచందర్ నాలుగో అంటు కోయబోయాడు. కొమ్మ మీద కత్తి నిలవనే లేదు.

"ఇటియ్యి," అని కత్తి లాక్కుంది స్నేహలత. "నువ్వు కొమ్మ పట్టుకో చాలు."

అతను పట్టుకున్నాడు. ఆమె కోసింది.