రెండు చొక్కాల సేపు

నన్ను మోసం చేసినవాడు ఈ వీధిలో ఇంకా పుట్టలేదు. నేను ఇంకొకరిని మోసం చేసిందీ లేదు. డెబ్బై మూడేళ్లుగా చూసింది చూసినట్టు చెబుతున్నాను. అందులో ఆవగింజంత కలిపానని తేలితే నా పేరు మార్చి పిలవండి. ఇంతకీ నా పేరు ఇక్కడ అక్కర్లేదు, ఎవరి పేరూ అక్కర్లేదు. ఎందుకో చివర్లో చెబుతాను.

మా మేడ మీద వాటాలో ఒక దర్జీ, ఆయన కూతురు ఉంటారు. ఆ సోమవారం పొద్దున కూతురు వంటింటి గట్టుకి ఆనుకుని, నిలబడే టీ తాగుతోంది. తాగుతూ తాగుతూ కళ్లు మూసింది. కప్పు మెల్లగా ఒక పక్కకి వాలింది. నేను గొడుగు తిరిగిచ్చే వంకతో గుమ్మంలో ఉన్నాను కాబట్టి గబుక్కున పట్టుకున్నాను గానీ, లేకపోతే బల్ల మీది ఫైలంతా టీలో తడిసేది.

"ఏమే, నిద్రపోతున్నావా?" అన్నాడు దర్జీ, కుర్చీలో కూర్చుని చెప్పులు తొడుక్కుంటూ.

"లేదు నాన్నా, ఆలోచిస్తున్నా."

"గురక పెట్టి ఆలోచించేవాళ్లని నిన్నొక్కదాన్నే చూశాను."

నవ్వాల్సిన చోట ఆమె నవ్వలేదు. ఆయన చెప్పుల వైపు చూసింది. నెల క్రితం పట్టీ మధ్య రంధ్రంలో ఉండేది. ఇప్పుడు చివరి రంధ్రంలో ఉంది, అయినా బిగుతుగానే ఉంది. చూసి, ఫైలు సర్దుకుంది.

దర్జీకి రెండేళ్లుగా మూత్రపిండాలు పనిచెయ్యడం లేదు. వారానికి మూడు రోజులు, మంగళ, గురు, శని, ఆసుపత్రిలో డయాలసిస్. పూటకి నాలుగు గంటలు సూదులు గుచ్చుకుని, రక్తం మిషన్లోకి వెళ్లి కడుక్కుని వచ్చేదాకా పడుకోవాలి. కూతురు నాలుగింటికి లేచి వంట చేసి, ఆయన్ని గేటు దగ్గర దింపి, ఆఫీసుకి పరుగెత్తి, మధ్యాహ్నం మళ్లీ వచ్చి తీసుకెళ్లేది. ఈ మధ్య గురువారాలు మాత్రం "నేనే బస్సులో వచ్చేస్తాలే, వొంట్లో తేలిగ్గానే ఉంటోంది" అంటున్నాడాయన.

కూతురి ఉద్యోగం పరిశోధనా కేంద్రంలో. వేలమంది రోగుల వివరాల్లోంచి పేర్లు, చిరునామాలు తీసేసి, మిగిలినవాటితో ఒక సంగతి కనుక్కోవాలని ఆమె తాపత్రయం: ఈ చికిత్స చేయించుకునేవాళ్లు మధ్యలో ఎందుకు మానేస్తున్నారు? ముందే పసిగట్టి ఆపలేమా?

అలాంటి పనులకి రోగుల వివరాలు ఇవ్వాలా వద్దా అని సలహా చెప్పడానికి ఆసుపత్రిలో ఒక మండలి ఉంది. అందులో డాక్టర్లు, ఒక లాయరు, ఒక లెక్కల మాస్టారు, రోగుల తరఫున ఇద్దరు. ఆ ఇద్దరిలో మన దర్జీ ఒకడు. జీతం లేదు, బిస్కెట్లు మాత్రం ఇస్తారు. వాటిని ఆయన తినకూడదు కాబట్టి జేబులో వేసుకొచ్చి నాకిస్తాడు. అలా నేనూ ఆ మండలికి సేవ చేస్తున్నవాణ్ణే.

ఆ రోజు మండలి ముందుకు వచ్చింది కూతురి ఫైలే. తోడుగా వెళ్లిన నేను నడవాలో బెంచీ మీద కూర్చున్నాను. తలుపు ఓరగా ఉంది, నా చెవులు నా కళ్లకన్నా నయం.

"మీ అమ్మాయి దరఖాస్తు కాబట్టి మీరు ప్రశ్నలు అడగొచ్చు, ఓటుకి చెయ్యెత్తకూడదు," అంది అధ్యక్షురాలు, పెద్ద డాక్టరమ్మ.

"అలవాటే డాక్టరమ్మా. ఇంట్లోనూ నాకు అంతవరకే."

అందరూ నవ్వారు. కూతురు ఆసుపత్రి ముందుగా ఇచ్చిన నమూనా కాగితాలు పంచింది. ఐదుగురు రోగుల వివరాలు, పేర్లు లేవు, వృత్తులు లేవు, వయసు కూడా ఇంతకీ ఇంతకీ మధ్య అని రాసి ఉంది. ఎవరూ ఎవరినీ గుర్తుపట్టలేరని చూపించడానికి. చివరి గడిలో, రాకపోవడానికి రోగి నర్సుతో చెప్పిన కారణం.

దర్జీ నాలుగో కాగితం దగ్గర ఆగిపోయాడు. అందులో ఇలా ఉందని నాకు తర్వాత తెలిసింది: "ఏడు గురువారాలు రాలేదు. కారణం: నాలుగు గంటలంటే రెండు చొక్కాల సేపు. మా అమ్మాయి నిలబడే నిద్రపోతోంది. ఆ రెండు చొక్కాల సేపైనా దాన్ని వదిలెయ్యండి. ఇంట్లో చెప్పకండి."

ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"ఎవరినైనా గుర్తుపట్టే వీలుందంటారా? అది చెప్పడానికేగా మీరున్నది," అంది డాక్టరమ్మ.

దర్జీ కూతురి వైపు చూశాడు. ఆమె బల్ల వైపు చూస్తోంది.

"వచ్చే సోమవారం చెబుతానమ్మా. ఇవాళ నాకు ఓపిక లేదు."

ఫైలు వారం వాయిదా పడింది. బస్సులో ముగ్గురం మూడు సీట్లలో కూర్చున్నాం. ఇంటికొచ్చి నేను నా గదిలోకి జారుకోబోతుంటే, "పెదనాన్నా, మీరూ పైకి రండి. మీరూ ముద్దాయే," అంది కూతురు.

తలుపు వేశాక దర్జీయే మొదలుపెట్టాడు.

"ఎప్పుడు చూశావ్?"

"మూడు రోజులైంది."

"మీ ఆఫీసులో రూలేంటి? కాగితాల్లో తెలిసినవాళ్లు కనిపిస్తే?"

"వెంటనే మూసేసి పైవాళ్లకి చెప్పాలి. బయట నోరెత్తకూడదు."

"మరి?"

"మూశాను నాన్నా. మళ్లీ తెరిచాను. ఏడు గురువారాలూ వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాను."

"ఆ రూలు పెట్టాలని రెండేళ్ల క్రితం పట్టుబట్టింది నేనే. తెలుసా నీకు?"

"తెలుసు. అందుకే నోటితో అడగలేకపోయాను. అడిగితే, నీకెలా తెలిసిందంటావు. ఆ కాగితం నీ ముందు పడితే నువ్వే చెబుతావనుకున్నా."

"నలుగురి ముందు నా చొక్కా విప్పించి చెప్పిద్దామనుకున్నావా?"

"నీ పేరు లేదుగా!"

"పేరు లేకపోతే ఏంటి? ఆ మాట నాది. నలభై ఏళ్లు గంటల్ని చొక్కాలతో కొలిచినవాణ్ణి. నా దగ్గర కుట్టించుకున్న ప్రతివాడూ అది నేనేనని చెబుతాడు. మిగతా నలుగురివీ అలాగే ఇంటిల్లిపాదికీ తెలిసిన మాటలై ఉంటే? వాళ్లింట్లో చెప్పొద్దన్నవే అయితే?"

ఆమె మూడు రోజులుగా దాచుకున్న ప్రశ్నని బయటపెట్టింది.

"మరి నువ్వు? గేటు దగ్గర దింపితే చెయ్యూపి లోపలికి వెళ్లేవాడివి. నేను మలుపు తిరిగాక ఎక్కడికెళ్లేవాడివి?"

దర్జీ నా వైపు చూశాడు. ఇక్కడ నా గొప్ప కాస్త దించుకోవాలి. ఏడు గురువారాలూ ఆయన నా గదిలోనే ఉన్నాడు, నాతో చదరంగం ఆడుతూ. కొత్త మిషన్ వచ్చింది అన్నయ్యా, అరగంటలో కడిగి పంపేస్తోంది అన్నాడు. నమ్మాను. నమ్మడమేంటి, ఆ మిషన్ గురించి బస్టాపులో ఉపన్యాసాలిచ్చాను. అది పాటలు కూడా పాడుతుందని నేనే కలిపాను. ఏడు ఆటలూ గెలిచానని కూడా చాటుకున్నాను, అదంతా కూతురి చెవిన పడిందట.

"ఏడు ఆటలూ మీరే గెలిచారు కదా పెదనాన్నా," అంది కూతురు. "ఆయన మిమ్మల్ని గెలవనిస్తున్నాడని కూడా అనుమానం రాలేదా?"

అది మాత్రం నిజంగా బాధనిపించింది.

"నీ మొహం అద్దంలో చూసుకున్నావా?" అన్నాడు దర్జీ, గొంతు తగ్గించి. "గురువారం మీ ఆఫీసులో మీటింగు. నా కోసం మధ్యలో లేచొస్తే మీ పై ఆఫీసరు ఫోన్లో నిన్ను అనే మాటలు పక్కనుంచి విన్నాను. నాలుగు గంటలు నీకు మిగులుద్దామనుకున్నా, అంతే."

"మిగిల్చావు నాన్నా. ఆ నాలుగు గంటల్లో నేనేం చేశానో తెలుసా? మధ్యలో మానేసినవాళ్లు ఎన్నాళ్లు బతుకుతారో లెక్క కట్టాను."

కింద వీధిలో ఎవరిదో స్కూటర్ స్టార్టవక గుర్రుమంటోంది.

కూతురు కింద కూర్చుని ఆయన చెప్పు పట్టీ విప్పింది. వాచిన పాదం మీద పట్టీ గాడి పడి ఉంది. దాని పక్కన వేలితో నొక్కింది. గుంట పడింది, ఎంతసేపటికీ పూడలేదు. ఆ గుంట వైపు చూస్తూ ఆమె ఏడ్చింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, "అలిసిపోయానే," అన్నాడు.

"నేనూ అలిసిపోయాను నాన్నా. ఆ మాట నాకు చెప్పాల్సింది, నర్సుకి కాదు."

"రేపు మంగళవారం. వెళ్దాం."

"రేపొక్కటే కాదు."

"గురువారం కూడా. ఒట్టు."

"గురువారం బాధ్యత నాది," అన్నాను నేను. "తీసుకెళ్లడం, కూర్చోవడం, తీసుకురావడం. చేసిన పాపానికి శిక్ష."

ఆ తర్వాతి సోమవారం మండలిలో తండ్రికన్నా ముందు కూతురే లేచి తన తప్పు చెప్పేసింది. తర్వాత దర్జీ లేచి, "ఆ నాలుగో కాగితం నాది," అన్నాడు. "పని మంచిదే, ఆపకండి. మా కారణాలు తీసుకోండి, మా మాటలు తీసుకోకండి. మనిషి పేరు తీసేసినా మాటలో మనిషి మిగిలిపోతాడు." చెయ్యి మాత్రం ఎత్తలేదు. మిగతావాళ్లు ఎత్తారు. కూతుర్ని ఆరు నెలలు రోగుల కాగితాలు ముట్టుకోవద్దన్నారు. పని ఇంకొకరి చేతుల్లో సాగింది. ఆమె బాధపడింది గానీ, ఆ ఆరు నెలలూ రోజూ ఆరింటిదాకా పడుకుంది. చెప్పు పట్టీ మళ్లీ మధ్య రంధ్రంలోకి వచ్చింది. గురువారాలు ఆసుపత్రి మంచం పక్కన చదరంగం ఆడుతున్నాం. ఒక్కటీ గెలవలేదు నేను.

ఇక, ఎవరినీ మోసం చెయ్యలేదని మొదట అన్న రెండో మాట కూడా వెనక్కి తీసుకోవాలి. మిమ్మల్ని కూడా మోసం చేశాను. ఆయన దర్జీ కాదు. ఆ నాలుగు గంటల్ని చొక్కాలతో కొలవనూలేదు. తన అసలు పనితోనే కొలిచాడు, ఆ మాట నా చొక్కాలకన్నా ఎంతో బాగుంటుంది. కానీ అది రాస్తే మీలో ఎవరో ఒకరు, అయ్యో, ఇది ఫలానా ఆయన కదూ అంటారు. అందుకే అదొక్కటీ తీసేసి నా సొంతది కుట్టాను. మిగతాదంతా, చెప్పు పట్టీతో సహా, చూసింది చూసినట్టే.