కొసరు అడిగిన రోజు

తొట్టి జాలీకి పట్టిన పాచిని గీకుతూ పైడితల్లి మళ్లీ మొదటినుంచి అందుకుంది. "బోన్‌జూర్ మదామ్. జ వూద్రే దు లే." నమస్కారమండీ, పాలు కావాలి అని ఫ్రెంచిలో. ఒక్కో మాటకూ ఒక్కో గీకుడు. ఆ ఊపుకి, వీపున కట్టిన ఎనిమిది నెలల చంటిది ఏడుపు ఆపింది.

"ఏటే, మంత్రాలు సదువుతన్నావు? పాచికి దెయ్యం పట్టీసిందేటి?" పక్క తొట్టిలోంచి నర్సక్క నవ్వింది.

"కొసరు అడుగుతానక్కా. నా నోటితోటే."

నర్సక్క నవ్వు ఆగిపోయింది. "మెడలో మధ్యవాణి తీసీసా? మతి పోయిందేటే నీకు! నూరు లెక్కెట్టేలోగా బేరం అవకపోతే వంతు ఎగిరిపోద్ది. పిల్లకేటి పోస్తావు?"

పైడితల్లి జాలీని ఇంకా గట్టిగా గీకింది. వారం రోజులుగా ఆమె భయమూ అదే.

నీటిమీద తేలే ఈ తేలుపురం కింద పాత ఊరు మునిగి అరవయ్యేళ్లు. ఎనిమిది రోజులకోసారి ఫ్రెంచివాళ్ల ధాన్యనౌక వస్తుంది. మెడకు మధ్యవాణి యంత్రం తగిలించుకుని సరుకు పేరు తెలుగులో చెబితే చాలు, అది ఫ్రెంచిలో పలికి వంతు తూయిస్తుంది. అంతకుమించి మనం ఏం చెప్పినా మింగేస్తుంది. "అమ్మా, కాస్త కొసరెయ్యమ్మా" అని పైడితల్లి మూడు నౌకలకు అడిగింది. మూడుసార్లూ మధ్యవాణి "వ్యాపారేతరం" అని చెవిలో గొణిగి ఊరుకుంది. పాలపొడి ఆరో రోజుకే అయిపోయేది. మిగతా రెండు రోజులూ చంటిదానికి గంజినీళ్లు పడితే, తాగినంతా కక్కేసేది.

పైడితల్లి ఐదో తరగతితోనే బడి మానింది. పగిలిన పాత మధ్యవాణి ఒకటి దొరికితే, దాని ముందు కూర్చుని ఒక్కో ముక్కా పలికించుకుంది. పాలపొడి పక్కన 'ఇంకొంచెం' అంటే అది పలకదు. చివరికి "ఇంకొంచెం గట్టిగా" అని చూసింది. గొంతు పెంచమనే మాట గనక అది మింగకుండా "అం ప ప్లూ ఫోర్" అంది. 'గట్టిగా' ఒక్కదాన్నీ విడిగా పలికించి, 'ఫోర్' అనే ఆ తోక కోసేసి, మిగిలిన 'అం ప ప్లూ'ను దాచుకుంది.

నౌక వచ్చిన రోజు, దాని కొట్టు వెనక వంతులు తూచే మదామ్ ఒదీల్ తలెత్తలేదు. ఏళ్ల తరబడి ఆమె చూసేది మనుషుల్ని కాదు, తక్కెడ మీది దీపాన్ని. పైడితల్లి మెడలోది తీసింది. దీపం ఎర్రబడి అంకెలు లెక్కపెట్టసాగింది.

నేర్చుకున్న మొదటి మాటే గుర్తుకు రాలేదు. వీపు మీద చంటిది గుక్కపట్టింది. నలభై. యాభై. పైడితల్లి గోరు తనంతట తానే కొట్టు అంచుని గీకింది, పాచిని గీకినట్టే.

"బోన్‌జూర్ మదామ్. జ వూద్రే దు లే."

ఒదీల్ తలెత్తింది. పైడితల్లి ముఖం చూసింది. తర్వాత వంతు కొలిచి సంచిలో పోసింది. పైడితల్లి సంచి తీసుకోలేదు. దాని మూతి ఇంకా వెడల్పుగా తెరిచి పట్టుకుంది.

"అం ప ప్లూ, మమాఁ."

మదామ్ అనాలని తెలుసు. కానీ అమ్మా అని పిలవకుండా కొసరు ఎలా అడుగుతారు? అందుకే ఆ మాట కూడా నేర్చుకొచ్చింది.

ఒదీల్ పకపకా నవ్వింది. గరిటె పక్కన పడేసి, గుప్పెడు నిండా తీసి, పొంగి కారుతుండగా సంచిలో వేసింది. మళ్లీ ఇంకో గుప్పెడు.

తక్కెడ కీచుమంది. "అదనం. కారణం చెప్పండి." ముందు ఫ్రెంచిలో, తర్వాత తెలుగులో.

ఒదీల్ దాని వంక చూడకుండానే ఏదో అంది. వెనక వరుసలో ఉన్న నర్సక్క మెడలో మధ్యవాణి దాన్ని తెలుగు చేసింది: "అడిగింది."

కారణాల పట్టీలో ఆ గడి లేదు. తక్కెడ దీపం ఎర్రగా, పచ్చగా, మళ్లీ ఎర్రగా కొట్టుకుని ఆరిపోయింది. పైడితల్లి సంచి మూతి ముడివేసి గుండెలకు హత్తుకుంది. ఎనిమిది రోజులకీ సరిపోతుంది.

నర్సక్క తన మెడలోది లాగి పడేసింది.

"ఏటే పైడీ, ఆ మాట మళ్లీ సెప్పు. మెల్లిగా."

"అం ప ప్లూ."

"అం ప ప్లూ," అంది నర్సక్క. ఆమె వెనక ఇంకొకామె. ఆ వెనక, వరుస చివరిదాకా, ఒక్కొక్క మెడా ఖాళీ అవుతోంది.